ఏడవని బిడ్డ

1953 జనవరి 11, ఉదయగిరి

ఈ పొద్దు కూడా నలుగురొచ్చి నా బిడ్డని మెచ్చుకొని పోయినారు. ఏడవదంట. బంగారు బొమ్మంట. పక్కింటి ముసలామె అయితే, ఏం పుణ్యం చేసుకున్నావు తల్లీ, మా మనవడు పుట్టినకాడ్నుంచీ ఇల్లు పీకి పందిరేస్తా ఉండాడు, నీ కూతురికి పాలు తాగడం నిద్రపోవడం తప్ప ఇంకోటి తెలీదు గదా అనింది. నేను నవ్వినాను. అమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసింది.

నవ్వినాను! నా మొహానికి నవ్వొకటి.

పెళ్ళయి పదకొండేళ్ళకి పుట్టిన బిడ్డ. ముందు మూడు పోయినాయి. జొన్నవాడ అమ్మవారికి మొక్కుకుంటే పుట్టిందని కామాక్షి అని పేరు పెట్టినాం. పురుటికని పుట్టింటికొచ్చి ఇక్కడే ఉండాను. ఆయన ఆత్మకూరులో అంగడి చూసుకుంటా ఉండాడు.

ఈ డైరీ ఆయన పంపించిందే. ఆయిల్ కంపెనీ వాళ్ళు అంగడికిచ్చినారంట, చాకలి పద్దు రాసుకోమన్నాడు. ఎనిమిదో క్లాసు దాకా చదివినదాన్ని, చాకలి పద్దుకి ఇంత లావు పుస్తకం ఎందుకు నాకు? రాయాల్సింది వేరే ఉండాది. నోటితో చెప్పుకోడానికి మనిషి లేదు.

జనవరి 12

నేను నల్లమందు తింటాను.

రాసేసినాను.

జనవరి 20

నిన్న ఆ పేజీ చించేద్దామనుకున్నాను. చించలా. చించితే మాత్రం తినకుండా పోతానా.

మూడో కానుపు చెడినప్పుడు మొదలయింది ఇది. నెత్తురు ఆగలా, కడుపులో కత్తి పెట్టి తిప్పినట్టుండేది. వైద్యుడు చేతులెత్తేసినాడు. అప్పుడు అవ్వ, మా నాయన్ని కన్న రామసుబ్బమ్మవ్వ, తన డబ్బీలోంచి జొన్నగింజంత తీసి తమలపాకులో పెట్టి నా నోట్లో పెట్టింది. కాసేపటికి నొప్పి పోయింది. నొప్పితో పాటు బిడ్డ పోయిన ఏడుపు కూడా పోయింది. అదీ తంటా. నొప్పి నెల తిరక్కుండానే తగ్గింది గానీ ఆ ఏడుపు తగ్గలా. దానికోసం తింటా పోయినాను. జొన్నగింజ పెసరగింజయింది. పెసరగింజ కందిగింజయింది.

అవ్వకి మోకాళ్ళ నొప్పులకని తాత ఉన్నప్పుడే పర్మిట్ రాయించినాడు. నెలనెలా సర్కారు అంగట్లో తూచి ఇస్తారు. ఈ మధ్య ఏడాదికేడాది కోస్తా ఉండారు, ఇంకొన్నేళ్ళకి అసలే ఇవ్వరంట. ఆ కోసి ఇచ్చిందాంట్లోంచే అవ్వ నాకు భాగం పెడతాది. ముసలిదాని నోటికాడిది లాక్కొని తింటా ఉండాను.

ఆయనకి తెలీదు. అత్తకి తెలీదు. అమ్మకి తెలుసో ఏమో, తెలిసినట్టు కనపడదు. ఆత్మకూరు బజార్లో మా అంగడికి పేరుండాది. మల్లికార్జునం శెట్టి పెళ్ళాం మందు తింటాదని బయటపడిన రోజు ఆయన తలెత్తుకొని గల్లాపెట్టె ముందర కూర్చోలేడు.

ఫిబ్రవరి 3

మధ్యాహ్నం నేను వేసుకొని పాలిస్తే బిడ్డ రొమ్ము నోట్లో ఉండంగానే కళ్ళు మూస్తాది. చిటికెలేస్తే తెరవదు. మంచి నిద్ర, మంచి నిద్ర అని నాకు నేనే చెప్పుకుంటా ఉండాను.

ఇక్కడ కూలికి పోయే ఆడోళ్ళు కొందరు పసిబిడ్డ నాలిక మీద ఆవగింజంత రాసి, కొమ్మకి ఉయ్యాల కట్టి కలుపుకి పోతారు. పాపిష్టి ముండలు అని చిన్నప్పుడు నేనే తిట్టినాను వాళ్ళని. వాళ్ళు కూలికి పోవాల. నేను యాడికి పోవాల?

ఫిబ్రవరి 22, ఆత్మకూరు

అత్త కబురు మీద కబురు పెడతా ఉంటే ఈ పొద్దు తీసకొచ్చి దింపినారు. చలిమిడీ, సారే, మా ఊరి కొయ్య గరిటెలూ, బిడ్డకని చేయించిన చిన్న కొయ్య చెంచా. వక్కాకు సంచిలో వక్కల కింద అవ్వ ఇచ్చిన పొట్లం.

ఆయన బిడ్డనెత్తుకొని అంగడంతా తిప్పినాడు. మిరపకాయల బస్తాలు విప్పున్నారు, ఆ ఘాటుకి గుమాస్తాలంతా తుమ్మతా ఉండారు. బిడ్డ మాత్రం కదల్లా. చూసినారా నా కూతురి ఓర్పు అన్నాడంట ఆయన. ఇంటికొచ్చి అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పినాడు. నేను వంటింట్లోకి పోయి నిలబడినాను.

మార్చి 8

ఓబయ్య రాలా. మా నాయన దగ్గర పనిచేసే మనిషి, నెలకోమారు చింతపండూ తేనే బండికేసుకొని మా అంగడికి వస్తాడు. వక్కాకు సంచి వాడే తేవాల. సంచిలో ఏముండాదో వాడికి తెలీదు పాపం.

మార్చి 9

మందు దాచుకునే డబ్బీ అడుగంతా గోరుతో గీరినాను. తర్వాత నీళ్ళు పోసి కడిగి ఆ నీళ్ళు తాగినాను. శెట్టిగారింటి కోడలు.

మార్చి 10, పొద్దున

కాళ్ళు లోపల్నించి పీకతా ఉండాయి. ముక్కు కారతా ఉండాది. ఎండలో కూర్చున్నా ఒళ్ళు జలదరిస్తా ఉండాది. దొడ్లోకి తిరిగి తిరిగి నడుం పడిపోయింది. అత్త జలుబనుకొని మిరియాల కషాయం పెట్టింది. ఆమె మంచిగా చూసేకొద్దీ నన్ను చంపేసినట్టుంది.

బిడ్డ ఏడస్తా ఉండాది. ఇన్నాళ్ళూ ఏడవని బిడ్డ. ఏడుపంటే ఏడుపు కాదు, సన్నగా కీచుగా, గొంతులో ఏదో చిరిగినట్టు. పాలు పట్టుకుంటాది, ఊడబెరుక్కుంటాది, మళ్ళీ పట్టుకుంటాది. చేతులు వణకతా ఉండాయి.

వరసగా తుమ్మింది. ఆవలించింది. నేనూ ఆవలించినాను. దాని ముక్కు కారతా ఉండాది, నా ముక్కూ కారతా ఉండాది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అప్పుడు తెలిసింది. తెలిసింది అని రాయడం కూడా అబద్ధమే, ఫిబ్రవరిలోనే తెలుసు. అప్పుడు ఒప్పుకున్నాను.

మార్చి 10, సాయంత్రం

దిష్టన్నారు. ఉప్పు తిప్పినారు, ఎర్రనీళ్ళు తిప్పినారు. దర్గా నించి తాయెత్తు తెచ్చి కట్టినారు. ఉదయగిరి నించి వచ్చేదారిలో ఏదో సోకిందన్నారు. ఏది సోకిందో నాకు తెలుసు.

ఏం చేసినా నిలవకపోయేసరికి అత్త, రేపు పొద్దున్నే వాత పెడతాననింది. పసిబిడ్డకి కడుపులో కట్టు పడితే బొడ్డు చుట్టూ వాత పెడితే విడుస్తాదంట. ఈ వీధిలో మా అత్త వరలక్ష్మమ్మ చేతి వాతకి పేరుండాది. కట్టుకున్నోడు పోయినాక ఆమెకి మిగిలిన గొప్పల్లో అదొకటి.

వద్దు అన్నాను. ఎందుకు వద్దు అనింది అత్త. జవాబుండాది నా దగ్గర. మింగేసినాను.

మార్చి 11

పసుపుకొమ్ము దీపం మీద కాల్చింది. నన్ను కాళ్ళు పట్టుకోమనింది.

పట్టుకున్నాను.

బొడ్డు చుట్టూ నాలుగు. ఒక్కోదానికీ నా చేతిలో ఆ కాళ్ళు ఎట్టా గుంజుకున్నాయో రాయలేను. నోట్లో మాట ఉండాది. నేను మందు తింటాను అత్తా. అంతే మాట. అది బయటికొస్తే కొమ్ము కింద పెట్టేస్తాది. మొదటి వాతకి చెప్పలా. రెండోదానికి చెప్పలా. నాలుగోది అయినాక ఇంక చెప్పి ఏం లాభం అనుకున్నాను చూడండి, అదీ నా బుద్ధి. చూడండి అని ఎవరితో చెప్తా ఉండాను?

మార్చి 12

ఇంకా ఏడస్తానే ఉండాది. ఇప్పుడు రెండు కారణాలు.

మార్చి 13

ఓబయ్య వచ్చినాడు. బండెద్దు కుంటిందంట, అందుకే ఆలస్యం. సంచి చేతికివ్వంగానే దొడ్లోకి పోయి వేసుకున్నాను. కాసేపాగి బిడ్డకి పాలిచ్చినాను. గమ్మున నిద్రపోయింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అత్త మొహం వెలిగిపోయింది. నా చెయ్యి ఎప్పుడైనా తప్పిందా అనింది.

భోజనం దగ్గర ఓబయ్య చెప్పినాడు. అవ్వకి ఒంట్లో బాగలేదంట. వాంతులంట, మంచంలో కాళ్ళు కొట్టుకుంటా ఉండాదంట. ఏమైందవ్వా అంటే ఏం లేదురా, ముసలితనం అనిందంట.

అవ్వ పర్మిట్ మందు ఈ ఏడు ఇంకా కోసినారు గదా. ఉన్నదంతా నాకే పంపించేసింది.

మార్చి 29

అత్త వాత సంగతి బజారంతా పాకింది. ఆయనే గొప్పగా చెప్పినాడు, అంగడికొచ్చిన గిరాకీ అందరికీ. కలువాయి నించి సరుక్కొచ్చిన ఒకామె వచ్చి కామాక్షి బొజ్జ చూసి పోయింది. ఒక పుండు ఇంకా చీము పడతానే ఉండాది. అయినా బిడ్డ ఏడవదు గదా, దణ్ణం పెట్టి పోయింది.

ఏప్రిల్ 6

రాయాల.

రెండిళ్ళవతల చెంచులక్ష్మి, పాపం తొలి కాన్పు, మగబిడ్డ. సాయంత్రమయితే గుక్కపట్టి ఏడస్తాడు, కాసేపటికి వాడే ఊరుకుంటాడు. అందరు బిడ్డలూ ఏడిచే ఏడుపే అది. ఈ పొద్దు వాణ్ణి ఒళ్ళో వేసుకొని మా ఇంటికొచ్చింది. కామాక్షికి కుదిరింది గదా పెద్దమ్మా, మావాడిక్కూడా పెట్టండి అని అత్తని బతిమాలింది.

అత్త పీట వేయించింది. దీపం వెలిగించింది. పద్మావతీ, నీ చేతిలో కుదిరింది గదా, ఈ బిడ్డ కాళ్ళు కూడా నువ్వే పట్టుకో అనింది.

వాడు నా మొహం చూసి నవ్వినాడు. బోసినోటితో, ఒళ్ళంతా ఊగతా. నా కూతురు ఇంతవరకూ అట్టా నవ్వలా. బిడ్డలు ఈ వయసుకి అట్టా నవ్వతారని కూడా మర్చిపోయినాను. కొమ్ము కొస ఎర్రబడింది.

"ఆపండత్తా. కామాక్షికి కుదిరింది మీ వాతతో కాదు. నేను నల్లమందు తింటాను. నా పాలల్లో అదే దానికి పోతా ఉండాది."

చెంచులక్ష్మి బిడ్డని రొమ్ముకి హత్తుకొని లేచిపోయింది. చెప్పులు కూడా ఏసుకోలా. అత్త చేతిలో కొమ్ము అట్టానే ఉండాది, చేతి వేలు చుర్రుమన్నాక పడేసింది.

ఏప్రిల్ 6, చీకటి పడేటప్పుడు

అత్త నన్ను కొట్టలా, తిట్టలా. బిడ్డని లాక్కొని తన గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. ఆవుపాలు కొయ్య చెంచాతో పోసింది. లోపల బిడ్డ కీచుమని ఏడస్తా ఉంటే బయట నేను గడప మీద కూర్చున్నాను. చాలాసేపయినాక గడియ తీసి బిడ్డని తెచ్చి నా ఒళ్ళో వేసింది. అటు తిరిగి నిలబడి, ఇయ్యి అనింది. ఏమియ్యాలో ఇద్దరికీ తెలుసు.

ఏప్రిల్ 9

ఆయన మొదట డబ్బీ తీసుకొని పారేయబోయినాడు. బిడ్డ మొహం చూసి ఆగినాడు. ఇప్పుడు డబ్బీ ఆయన జేబులో ఉంటాది. పూటకింత తుంచి నా చేతిలో పెడతాడు, నా వంక చూడకుండా. మొగుడి చేత్తో నల్లమందు తింటా ఉండాను. ఇంతకంటే దిగేదానికి మెట్టు లేదనుకుంటా.

ఈ పొద్దు ఒకే మాటన్నాడు.

"నాకెందుకు చెప్పలా పద్మా?"

తిట్టుంటే బాగుండేది.

బజార్లో మాత్రం నాకు కడుపులో గడ్డ అని చెప్పినాడంట, నెల్లూరు తీసకపోవాలని. చెంచులక్ష్మి నోరు తెరిచిందో లేదో తెలీదు. వీధిలోకి పోలా నేను.

ఏప్రిల్ 13, నెల్లూరు

అత్త కూడా వచ్చింది. రావద్దంటే వినలా. బస్సులో బిడ్డని తన ఒళ్ళోనే పెట్టుకుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అరవామె, తెలుగు ముద్దుగా మాట్లాడతాది. ఎన్నేళ్ళుగా, ఎంత, ఎప్పుడెప్పుడు అని అడిగింది. ఆయన ముందర కందిగింజంత అని చెప్పాల్సొచ్చింది. తల వంచుకొని చెప్పినాను. అప్పుడు బిడ్డ బొజ్జ చూసింది. ఇదేంది అనింది. నేను నోరు తెరిచేలోపు అత్త, నేనే పెట్టినానమ్మా అనింది. డాక్టరమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి మళ్ళీ నా మందు సంగతికొచ్చింది.

ఒక్కసారిగా మానితే బిడ్డ ప్రాణానికే ముప్పంట. పాలు మాన్పించినా అంతేనంట. నువ్వు నిచ్చెన మీద ఉండావు, బిడ్డ నీ చంకలో ఉండాది, దూకొద్దు, ఒక్కో మెట్టు దిగు అనింది. నల్లమందు ముద్ద బదులు అదే మందు నీళ్ళలా సీసాలో, చుక్కలు లెక్కపెట్టి ఇస్తారు. కొన్నాళ్ళకోమారు చుక్కలు తగ్గిస్తారు. బిడ్డని బరువు తూస్తా ఉంటారు. ఇది పాపం కాదమ్మా, జబ్బు అని కూడా అనింది.

జబ్బయితే సిగ్గెందుకు ఇంత?

ఏప్రిల్ 24

వార్డులో నర్సు లిదియమ్మ. బలమైన మనిషి, నోరు పెద్దది. ఈ పొద్దు చుక్కలు తగ్గించినారు. నేను గ్లాసు చేయి జారినట్టు నేలపాలు చేసి, అయ్యో పడిపోయిందే అన్నాను, ఇంకో డోసు పోస్తాదేమోనని. లిదియమ్మ గుడ్డ తెచ్చి నేల తుడిచింది. పోయి డాక్టరమ్మని అడిగొచ్చి మళ్ళీ పోసింది, ఈ మారు నా నోట్లో తనే పోసింది. మా నాయన సారాయి మానేటప్పుడు ఇంతకంటే మంచి యాక్షన్ చేసినాడు లేమ్మా అనింది. వార్డులో ఇద్దరు నవ్వినారు.

నాకు భూమిలోకి పోవాలనిపించింది. తర్వాత నాకూ నవ్వొచ్చింది.

మే 6

ఎండలు. రేకుల కింద ఉడికిపోతా ఉండాం. మళ్ళీ తగ్గించినారు. కాళ్ళు. ఆ కాళ్ళ సంగతి రాయను.

అత్త ఆస్పత్రి వెనక రాళ్ళపొయ్యి పెట్టుకొని తనే వండతాది. ఇక్కడి నీళ్ళు కూడా ముట్టదు, బిందె ప్రత్యేకం. ఈ పొద్దు నాకు వాంతులయి నోరెండిపోతే లిదియమ్మ తన చెంబుతో నీళ్ళు నా నోట్లో పోసింది. గటగటా తాగేసినాను. అత్త గుమ్మంలో ఉండాది. చూసింది. మొహం అటు తిప్పుకొని కాసేపు నిలబడి, తర్వాత ఆ చెంబే తీసుకొని పోయి మళ్ళీ నింపకొచ్చింది.

మే 7

పారిపోదామనుకున్నాను. బస్టాండు దాకా పోయినాను కూడా. ఉదయగిరి బస్సు నిలబడుండాది. రొమ్ములు పాలతో బరువెక్కినాయి. వెనక్కి వచ్చినాను. ఇందులో నా గొప్పేం లేదు.

మే 23

బిడ్డ బరువు పెరిగింది. లిదియమ్మ తక్కెడ కాడ్నించి అరిచి చెప్పింది.

అత్త రోజూ పొద్దున బిడ్డ బొజ్జకి వెన్న రాస్తాది. ఆ నాలుగింటి మీదే. ఒక్కోదాని మీద వేలు పెట్టి, మెల్లగా. రాసేటప్పుడు నన్ను చూడదు. నేను గది బయటికి పోతాను. ఎవరి సిగ్గు వాళ్ళది.

జూన్ 9

నిన్నటితో చుక్కలు అయిపోయినాయి. ఈ పొద్దు ఉత్తనీళ్ళే తాగినాను.

ఇన్నేళ్ళకి మొదటిసారి ఏడుపొచ్చింది. పోయిన ముగ్గురికోసం. ఒకడికి చెవి దగ్గర మచ్చ ఉండేది. అది గుర్తొచ్చింది, ఇన్నాళ్ళూ యాడుండాదో. వార్డంతా వినేట్టు ఏడిచినాను. అత్త నా తల ఒళ్ళో పెట్టుకుంది.

జూన్ 21

కామాక్షి నవ్వింది. చెంచులక్ష్మి కొడుకు నవ్వినట్టే, ఒళ్ళంతా ఊగతా. ఆయన ఆదివారమని వచ్చినాడు, ఆయన్ని చూసే నవ్వింది. ఆయన బయటికి పోయి చాలాసేపు రాలా.

జూలై 15, ఆత్మకూరు

ఇల్లు పీకి పందిరేస్తా ఉండాది. ఆకలికి ఏడుపు, ఉక్కకి ఏడుపు, కాకి పోతే ఏడుపు. అంగట్లో మిరపకాయల ఘాటుకి తుమ్మి తుమ్మి గుమాస్తాల మీద ఉచ్చ పోసింది.

చెంచులక్ష్మి నన్ను చూస్తే కొడుకుని పక్కకి తీసుకుంటాది. తీసుకోనీ. వాడి బొజ్జ మీద మచ్చ లేదు.

1954 ఫిబ్రవరి 18, ఉదయగిరి

అవ్వ పోయింది.

ఫిబ్రవరి 21, ఉదయగిరి

పోయేముందు నేను పక్కనే ఉండాను. తగ్గిందా తల్లీ నీకు అని అడిగింది. తగ్గిందవ్వా అన్నాను. నావల్లే నీకు అంటింది అనింది. నాకు పంపించి పంపించి నువ్వు పస్తున్నావు గదవ్వా అన్నాను. ముసలిదాన్ని, నాకెందుకులే అనింది. నవ్వింది కూడా.

మంచం సర్దతా ఉంటే దిండు కింద డబ్బీ దొరికింది. నిండా ఉండాది. ఒకరోజు నేనడుగుతానని దాచిపెట్టింది.

పనులన్నీ అయినాయి. చుట్టాలు భోజనాల దగ్గర ఉండారు. నేను పెరట్లోకి పోయినాను. పెసరగింజంత వేసుకున్నాను. వేసుకోంగానే చల్లగా, అవ్వ ఒళ్ళో తల పెట్టినట్టు. అవ్వ పోయిన ఏడుపు కూడా పోయింది.

ఫిబ్రవరి 22

మళ్ళీ వేసుకున్నాను. బిడ్డ పాలు మానింది గదా, దానికేం కాదు గదా అని. ఎవరికీ తెలీదు ఈ మారు. ఎవరికీ, ఎప్పటికీ తెలీదు. అదే భయమేసింది.

ఫిబ్రవరి 23

ఆయన తీసకపోను వచ్చినాడు. బస్సు కోసం నిలబడుండాం, ఎదురుగ్గా దుర్గం కొండ, బిడ్డ ఆయన చంకలో. డబ్బీ తీసి ఆయన చేతిలో పెట్టినాను. రెండుమార్లు తిన్నాను అన్నాను. అంతా నాశనం చేసినాను అన్నాను.

ఆయన డబ్బీ చూసినాడు. నన్ను చూసినాడు. ఈ మారు కళ్ళల్లోకి చూసినాడు.

"ఈసారి నువ్వే చెప్పినావు గదా" అన్నాడు.

డబ్బీ యాడ పారేసినాడో నేనడగలా, ఆయన చెప్పలా.

మార్చి 2, నెల్లూరు

డాక్టరమ్మ తిట్టలా. పడడం ఈ దారిలో ఉండేదేనంట. పడినకాడ్నుంచే లేస్తారు, మళ్ళీ మొదటికి పోనక్కర్లేదు అనింది. దుఃఖం వచ్చినప్పుడు ఒంటరిగా పెరట్లోకి పోవద్దు, మనుషుల్లో కూర్చొని ఏడువు అనింది. లిదియమ్మ కామాక్షిని ఎత్తుకోబోతే అది జుట్టు పట్టి గుంజింది. మేలు, బలమొచ్చింది అనింది లిదియమ్మ.

1955 ఆగస్టు 7, ఆత్మకూరు

సీతారామపురం దిక్కునించి కూలికొచ్చిన ఒకామె అంగడి మెట్ల మీద కూర్చోనుండాది, ఒళ్ళో బిడ్డ. బజారంతా గోలగా ఉంటే ఆ బిడ్డ కదలకుండా పడుకోనుండాది. ఎంత బుద్ధిమంతుడో అన్నారు ఎవరో. నేను పోయి పక్కన కూర్చున్నాను. నా సంగతి చెప్పినాను మెల్లగా, అంతా కాదు, కొంచెం. ఆస్పత్రి గుర్తులు చెప్పినాను. విన్నదో లేదో. లేచి పోయింది.

మెట్ల మీద కూలామెతో ఏం మాటలు అన్నారు గుమాస్తాలు. నాతో అంగడికొచ్చిన అత్త లోపల్నించే, దానికి పనుండాదిలే అనింది.

1956 అక్టోబర్ 14

నీళ్ళు పోస్తా ఉంటే కామాక్షి తన బొజ్జ మీద వేలు పెట్టింది. ఒంటితో పాటు మచ్చలూ పెద్దవయినాయి. ఇయ్యేందమ్మా అనింది.

అత్త పొయ్యి దగ్గర ఆగిపోయింది.

అవి నావి అన్నాను.

పిల్ల తడిచేతుల్తో నా కొంగు లాగి నా కడుపంతా వెతికింది.

"లేవే" అనింది.